మా అవ్వ పాలు తాగినవాళ్లు

మా అక్క కాళ్ల సంగతి అందరికంటే ముందు పసిగట్టింది గోదావరిఖని చౌరస్తాలో చెప్పులు కుట్టే ఆయన. ఏడాదిలో మూడో జత బాగుచేయించడానికి తీసుకుపోతే, తిప్పి చూసి, "అక్కా, అందరి చెప్పులు మడిమె కాడ అరుగుతయి. నీయి ముందర అరుగుతున్నయి. కాళ్లు ఈడుస్తున్నవా ఏంది?" అని అడిగాడట. అక్క ఇంటికొచ్చి ఆ మాట చెబితే బావ నవ్వాడు. నాతో చెబితే, "అరవై దగ్గరపడ్డయి గదా, మోకాళ్లు" అన్నాను. నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పే పంతులును. ఆ ఇంట్లో శరీరం గురించి నా మాటకు ఎదురులేదు.

మరుసటి ఏడాదికి అక్క గోడ పట్టుకుని నడిచింది. కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోతున్నాయనేది. బాత్రూంకు పోవాలనిపిస్తే అక్కడికి చేరేలోపే చీర తడిసేది. ఆ సంగతి చాలా రోజులు దాచింది. వాడకట్టు ఆడవాళ్లు గాలి సోకిందన్నారు. కమాన్‌పూర్ వైపు నుంచి తాయెత్తు కట్టే మనిషిని ఎవరో పిలుచుకొచ్చారు.

ఆయనతో నేను వాకిట్లో గంటసేపు వాదించాను. వాదించడం నాకు చిన్న వయసులోనే అబ్బింది. మా రోజుల్లో యూనియన్ ఆఫీసు పక్క గదిలో ప్రతి ఆదివారం చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, కులం ఎక్కడ పుట్టింది, పెళ్లికి పురోహితుడు ఎందుకు. డ్యూటీ దిగి మసి మొహాలతోనే వచ్చి కూర్చునేవాళ్లు. ఎదుటివాడి మాటల్లో ఒక్క మాట పట్టుకుని దాని అర్థం అడగాలి అన్నది అక్కడ నేర్చిన మొదటి పాఠం. అదే చేశాను. ఏ గాలి? ఏ దిక్కు నుంచి వచ్చింది? మా బావ పక్కనే పడుకుంటాడు, ఆయనకెందుకు సోకలేదు? ఆయన నిమ్మకాయలు అక్కడే వదిలి లేచిపోయాడు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

బావ ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపి రిటైరైన మనిషి. ఒక నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టి, "గెలిచినవ్ బామ్మర్ది. ఇగ మీ అక్కను లేపి నడిపియ్యి" అన్నాడు.

ఆ రోజు నుంచి వంతు నాది. వెన్నుపూస అన్నాను. స్కానింగు తీయించాను, నడుముకు బెల్టు కట్టించాను, విటమిన్ సూదులు వేయించాను. తాయెత్తు ఆయన పొరపాటు గంటలో బయటపడింది. నా పొరపాటు రెండేళ్లు నిలిచింది. దానికి స్కానింగు సెంటరు వాళ్ల పెద్ద కవరు ఉంది మరి.

చివరికి హైదరాబాదులో ఒక నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నా దగ్గర చదువుకుని పోయిన పిల్లలంత వయసు. అక్కను గదిలో ఆ కొస నుంచి ఈ కొసకు రెండుసార్లు నడిపించింది. మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూసింది. తర్వాత అక్కనే అడిగింది, "మీ అమ్మగారు ఎట్లా నడిచేవారు?"

"మా అవ్వ ఆఖరి మూడేండ్లు నడవనే లేదమ్మ. పీట మీద కూసోని జరుక్కుంట తిరిగింది."

అవ్వ అంటే మాకు అమ్మే. ఆమె కాళ్ల గురించి నేను ఒక వ్యాసమే రాశాను. నల్లా లేని గని కార్మికుల లైన్ క్వార్టర్లలో ఇరవై ఏళ్లు నీళ్ల బిందెలు మోసిన ఆడమనిషి నడుము ఎట్లా విరుగుతుందో చెప్పడానికి ఆమెనే ఉదాహరణగా పెట్టాను. చదివినవాళ్లు బాగుందన్నారు. వాదం సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. ఉదాహరణ తప్పు.

అక్క రక్తం తీసి పంపారు. ఫలితం వచ్చాక మళ్లీ పోయాము. హెచ్‌టీఎల్‌వీ-1 అని ఒక వైరస్. ఎయిడ్స్ తెచ్చే వైరస్‌దీ దీనిదీ ఒకే జాతి, రెట్రోవైరస్ అంటారు. అయితే ఇది ఎయిడ్స్ తేదు. ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం ఉంటుంది. ఎక్కువమందిని ఏమీ చేయదు. కొద్దిమందిలో ఏళ్ల తరబడి ఊరుకుని, తర్వాత వెన్నుపాములో నరాల్ని పాడుచేస్తుంది, లేదా రక్తంలో ఒక రకం క్యాన్సర్ తెస్తుంది. దాన్ని వెళ్లగొట్టే మందు లేదు. ఎక్కించిన రక్తం వల్ల, కాపురం వల్ల, తల్లిపాల వల్ల ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. అక్కకు ఎన్నడూ రక్తం ఎక్కించలేదు.

"మీరూ ఆ తల్లి పాలే తాగారు కదా, మీరు పరీక్ష చేయించుకోండి" అంది డాక్టరమ్మ నాతో. "బావగారు కూడా. అక్క పిల్లలు కూడా. ఇంట్లో ఇప్పుడు పాలిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఉంది. అక్కకు ఒక్కతే బిడ్డ. నా మేనకోడలు. కాన్పుకు వచ్చి పుట్టింట్లోనే ఉంది. పాపకు నాలుగో నెల. తల్లిపాలు తప్ప ఇంకేమీ ఎరగదు.

"అయితే ముందు ఆమెకు చేయించండి. తల్లికి ఉంటే పాప ఎన్ని నెలలు తాగితే అంత ప్రమాదం. ఇప్పుడే ఆపితే చాలావరకు తప్పించుకోవచ్చు."

తిరుగు బస్సులో అక్క కిటికీకి తల ఆనించి పడుకుంది. నేను కోపంగా ఉన్నాను, కోపం ఎవరి మీదో తేలలేదు. ఈ వైరస్‌కు మందు లేదు. మందు లేదు కాబట్టి ఎవరూ పరీక్ష చేయరు. పరీక్ష చేయరు కాబట్టి ఎంతమందికి ఉందో తెలియదు. ఎంతమందికి ఉందో తెలియదు కాబట్టి మందు కోసం తొందర లేదు. చర్చల గదిలో ఎవరైనా ఇట్లాంటి తర్కం పెడితే గుండ్రంగా తిరుగుతున్నావని కూర్చోబెట్టేవాళ్లం. ఇది లోకం మొత్తం నడిపిస్తున్న తర్కం. మధ్యలో ఉన్నది కాళ్లు ఈడ్చే ఆడవాళ్లు. వాళ్ల చెప్పులు కుట్టేవాడికి తెలుస్తుంది.

పెద్దపల్లి దాటాక అక్క కళ్లు తెరవకుండానే, "బిడ్డకు నువ్వే చెప్పురా. నాకు చెప్పరాదు" అంది.

చెబుతానన్నాను. అయిదు రోజులు చెప్పలేదు. బడిలో పరీక్షలున్నాయి, పేపర్లు దిద్దాలి. నిజానికి వాళ్లింటికి నా బడి నుంచి బండి మీద పావుగంట. మేనకోడలికి చెప్పాలంటే ముందు నా రక్తం ఇవ్వాలి, నా రక్తం ఇవ్వాలంటే నా భార్యకు చెప్పాలి, నాకు ఉందంటే ఆమెకూ పరీక్ష. ముప్ఫై ఏళ్లు ఇతరుల భయాలను వెక్కిరించి బతికినవాణ్ణి. నా భయానికి పేపర్లు దిద్దడం అని పేరు పెట్టుకున్నాను. ఆ అయిదు రోజులూ పాప పాలు తాగింది.

ఆరో రోజు మధ్యాహ్నం పోయాను. మేనకోడలు గోడకు ఆనుకుని పాపకు పాలిస్తోంది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు వేళ అది. నేల ఒకసారి అదిరింది, అల్మారాలో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. పాప కళ్లు కూడా తెరవలేదు, అది పుట్టిన దగ్గర్నుంచి వింటోంది. నేను అంతా చెప్పాను. తరగతిలో చెప్పినట్టే, ముందు వైరస్ అంటే ఏమిటో, తర్వాత అది ఎట్లా వస్తుందో.

చెప్పడం అయిపోయాక, "నువ్వు ఇచ్చినవా మామా, రక్తం?" అని అడిగింది.

"ఇయ్యలే."

"హైదరాబాద్ నుంచి ఎప్పుడొచ్చిన్రు మీరు?"

"శుక్రవారం."

ఇవాళ ఏ వారమో ఆమెకు తెలుసు. పాపను రొమ్ము నుంచి తీసి భుజానికి వేసుకుంది. పాప ఇంకా నిండలేదని ఏడ్చింది. "రేపు పిలువు ఆ రక్తం తీసేటాయన్ను" అంది. "ముందు నీది తియ్యాలె. నేను చూస్త."

ఆ పూట నుంచే ఆమె పాపకు రొమ్ము ఇవ్వలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఫలితం వచ్చేదాకా పాలు పిండి పారబోయండి, పిండకపోతే ఎండిపోతాయి, రోగం లేదని తేలితే మళ్లీ ఇవ్వొచ్చు అంది. డబ్బా పాలు నీళ్లు మరగబెట్టి కలపాలి, గిన్నె, చెంచాతో పట్టాలి.

మరునాడు ల్యాబు మనిషి ఐసు డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. ఈ పరీక్ష ఇక్కడ లేదు, రక్తం తీసి హైదరాబాదు పంపడమే. వాకిట్లో కుర్చీ వేశారు. మేనకోడలు ఎదురుగా నిలబడి చూస్తుండగా నేను చెయ్యి చాపాను. తర్వాత ఆమె, తర్వాత బావ. గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. పక్క క్వార్టర్ ఆయన, గనిలో కప్పుకు దుంగలు ఊతం పెట్టే, ఇంకా రెండేళ్ల సర్వీసున్న టింబర్‌మన్, నెమ్మదిగా లోపలికొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అన్నా, ఈ పరీక్షల దొరికితే అన్‌ఫిట్ చేస్తరా?"

బొగ్గు గనుల వాళ్లు తప్ప ఈ ప్రశ్న ఇంకెవరూ అడగరు. పని చేయలేడని డాక్టర్లు తేలిస్తే ఆ ఇంట్లో కొడుక్కు ఉద్యోగం వస్తుందన్న ఆశ మా దగ్గర ప్రతి ఇంట్లో ఉంది. వేరే ఊళ్లలో రోగం లేదని వినడానికి జనం దవాఖానకు పోతారు.

నేను జవాబు చెప్పేలోపే బావ చేతికి దూది అదుముకుంటూ, "ఉన్న బీపీ, ఉన్న షుగర్ సరిపోతలేవారా నీకు? ఇది మా ఇంటిది, నీకియ్యం పో" అన్నాడు.

గేటు దగ్గర వాళ్లు నవ్వారు. అక్క మంచం మీద నుంచి నవ్వింది. మేనకోడలు నవ్వలేదు, పాలు పిండుకోవడానికి లోపలికి పోయింది.

ల్యాబు మనిషి సీసాల మీద పేర్లు రాస్తూ, "మీ అవ్వ పాలు తాగినోళ్లు ఇంతేనా సార్? డాక్టరమ్మ మొత్తం లిస్టు పంపమన్నది" అన్నాడు.

"ఇంతే. మేమిద్దరమే సంతానం" అన్నాను.

"ఇద్దరమే ఏందిరా" అంది అక్క. "అవ్వ లైన్ల ఎవరి పిల్ల ఏడ్చినా ఎత్తుకొని పాలిచ్చేది. నువ్వు పుట్టినప్పుడు ఆమెకు పాలెక్కువ. ఎంతమందికి ఇచ్చిందో."

"ఎవరెవరికి?"

"నాకేం యాదికుంటది, ఆరేండ్లదాన్ని. ఖాలాను అడుగు. ఆమెకు అన్నీ యాదికుంటయి." తర్వాత నా మొహం చూసి, "నువ్వు పోవు గదా ఆళ్లింటికి" అంది.

ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్ని, లైన్ క్వార్టర్లలో మా పక్క ముస్లింల ఇంటామె. భర్త గనిలో ఫిట్టరు. ఆమె పెద్ద బిడ్డదీ నాదీ ఒకటే ఈడు, అయినా అక్క అన్నట్టు ఆపా అంటాను. ఇరవై రెండేళ్లప్పుడు ఆపాకు ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. అబ్బాయి మా లైనువాడే, మెకానిక్కు పని నేర్చుకుంటున్నాడు, ఇద్దరికీ ఇష్టం. అప్పుడు ఖాలా అడ్డం పడింది. చిన్నప్పుడు ఇద్దరూ మా అవ్వ పాలు తాగారు, ఒక తల్లి పాలు తాగినవాళ్లు అన్నాచెల్లెళ్లవుతారు, మా దగ్గర ఆ పెళ్లి చెల్లదు అంది. చెడిపోయింది. నాకు ఒళ్లు మండింది. వాళ్ల గడపలో నిలబడి వాదించాను. పాలంటే కొవ్వు, చక్కెర, నీళ్లు. పాలతో రక్తం రాదు, చుట్టరికం రాదు, ఏదీ రాదు అన్నాను. ఆపా పెళ్లి వేరే చోట అయింది. నేను ఆ గడప మళ్లీ తొక్కలేదు.

ఇప్పుడు పోయాను. ఖాలాకు ఎనభై దగ్గరపడుతున్నాయి. మంచం మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. భర్త పోయాక ఆపా తల్లి దగ్గరే ఉంటోంది. లోపలి గదిలో ఆమె కుట్టు మిషన్ చప్పుడు.

"ఎవరు, సైన్సు పంతులా? తొవ్వ తప్పి వచ్చినవా?"

కూర్చుని చెప్పాను. అక్క కాళ్లు, అవ్వ కాళ్లు, పాలు. చెబుతుంటే మధ్యలో ఎక్కడో మిషన్ ఆగింది.

"ఏందిరా" అంది ఖాలా. "పాలతోని ఏం రాదంటివి గదా. గదే గడపల నిలబడి. మా ఆయన నీ మాటలు ఇనడానికి రేడియో బంద్ చేసిండు."

"అన్నాను ఖాలా."

"ఇప్పుడు వస్తదంటవ్."

"చుట్టరికం రాదు ఖాలా. వైరస్ వస్తది."

"మంచిది రాదు, చెడ్డదైతే వస్తదా? బాగుంది బేటా నీ సైన్సు."

నిజానికి మంచివీ వస్తాయి. రోగాలను ఆపే పదార్థాలు తల్లి నుంచి బిడ్డకు పాలలోనే పోతాయి. పదో తరగతికి ఏటా చెబుతాను. ఆనాడు వాదం గెలవడం కోసం అది వదిలేశాను. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

"రాస్కో" అంది. చాటలో నుంచి బియ్యం గింజలు తీసి మంచం పట్టె మీద ఒక్కొక్కటి పెట్టింది. "మా పెద్దబిడ్డ. నాకు టైఫాయిడ్ వస్తే నలభై దినాలు మీ అమ్మ కాడనే ఉంది. ఇటు నువ్వు, అటు అది. నువ్వు గుంజుకునేటోనివి, అది ఏడుస్తుండె." ఇంకో గింజ. "ఆ పిలగాడు. వాళ్లమ్మకు పాలు పడలే. ఆర్నెల్లు." మూడోది. "బడ్డీ కొట్టోళ్ల బిడ్డ, మూడు దినాలు. అది ఆరేండ్లకే కామెర్లతోని పోయింది. గంతే. నీయి మూడేండ్లు, సిగ్గులేకుంట."

దాదాపు అరవై ఏళ్ల కిందటి సంగతులు ఇవి. ఆమె ఒక్కసారి కూడా తడుముకోలేదు. తడుముకునే వీలు లేదు ఆమెకు. లైన్లో ఏ పెళ్లి మాట వచ్చినా ఎవరు ఎవరి పాలు తాగారో ఆమెనే అడిగేవాళ్లు. తప్పు చెబితే అన్నాచెల్లెళ్లకు పెళ్లి చేసినట్టు. అందుకని గుర్తుపెట్టుకుంది.

ఆ కట్టుబాటు గురించి నా మాట మారలేదు. ఆ ఇద్దరికీ పెళ్లి కావలసింది, దాన్ని ఆపిన కారణం తప్పుడు కారణం. అయితే మా అవ్వ పాలు ఎవరెవరు తాగారో, ఎన్ని రోజులు తాగారో ఏ దవాఖాన కాగితాల్లోనూ లేదు, నా చదువులో లేదు. ఆ తప్పుడు కారణం దాన్ని అరవై ఏళ్లు భద్రంగా దాచింది. దీని మీద వ్యాసం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఏ పక్షం వాదించినా మిగతా సగం కాగితం కింద నుంచి పైకి వస్తుంది. వదిలేశాను.

ఆపా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెడలో కొలత టేపు ఉంది.

"నేనిస్త రక్తం. నా బిడ్డ కడుపుతోని ఉంది, ఏడో నెల. నాది తేలినంక దానికి చెప్పుదాం, అప్పటిదాక వద్దు."

"మంచిది ఆపా. ఆయన ఎక్కడున్నాడో ఏమో..."

"శ్రీరాంపూర్‌ల. మెకానిక్ షెడ్డు." ఆమె టేపు చుట్టుకుంటూ కిందికి చూసింది. "నంబరు నా దగ్గరుంది. నేను చేస్త. అన్ననే గదా, ఫోన్ చేస్తే ఎవరేమంటరు."

ఖాలా చాట ముందుకు లాక్కుని మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను నోటుబుక్కు మూసి లేచాను.

ఫలితాలకు పన్నెండు రోజులు పట్టింది. రోజూ బడి అయ్యాక అక్క ఇంటికి పోయేవాణ్ణి. బావ కాళ్లు చాపుకుని, పాపను ఒళ్లో పడుకోబెట్టి చెంచాతో పాలు పట్టేవాడు. మొదటి రోజు సగం మెడ మీదికే పోయాయి. "డంపర్ల డీజిల్ పోసినోన్ని, గీ నోరు గింత చిన్నగున్నదేందే" అనేవాడు. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. గోడ అవతల మేనకోడలు పాలు పిండి గ్లాసులో పట్టేది. మొదట్లో గ్లాసు నిండేది.

మొదటి రోజు ఆ గ్లాసును నేను మోరీలో పోయబోతే అక్క అరిచింది. "అండ్ల పొయ్యకు! తల్లిపాలు తొక్కుడులో పొయ్యద్దు. చెట్టు మొదట్ల పొయ్యి." ఇంకొకప్పుడైతే ఎందుకు పోయొద్దో చెప్పమనేవాణ్ణి. పెరట్లో జామచెట్టు దగ్గరికి తీసుకుపోయి మొదట్లో పోశాను. పన్నెండు రోజులూ ఆ పని నాదే అయింది.

అల్లుడు, మేనకోడలి భర్త, శ్రీరాంపూర్ గనిలో ఫస్టు షిఫ్టు దిగి డబ్బా పాలు పట్టుకుని వచ్చాడు. విషయం నేనే చెప్పాను. రెండే ప్రశ్నలు అడిగాడు. పాపకు సోకి ఉంటుందా, ఎప్పుడు తెలుస్తుంది. మొదటిదానికి, ముందు తల్లి ఫలితం రావాలన్నాను. తల్లికి ఉంటే, పాపకు ఏడాదిన్నర నిండాక పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది, అంతకుముందు చేస్తే తల్లి నుంచి వచ్చిన గుర్తులు రక్తంలో ఉండి పొరపడతాం అన్నాను. అతనూ రక్తం ఇచ్చి పోయాడు. పోయేముందు, "మా అమ్మకు నేను చెప్పుకుంట మామా. మీరు చెప్తే లెక్చర్ అయితది" అన్నాడు.

ఫలితాలు ఫోన్లో వచ్చాయి. బావకు లేదు. అల్లుడికి లేదు. శ్రీరాంపూర్ మెకానిక్కుకు లేదు, ఆర్నెల్లు తాగినా. ఆపాకు ఉంది, నలభై రోజులకే. నాకు లేదు. మేనకోడలికి ఉంది.

ఆపా బిడ్డకు కాన్పుకు ముందే చూశారు. లేదు. పుట్టే బిడ్డకు నిశ్చింతగా పాలివ్వొచ్చు. నోటుబుక్కు పట్టుకుని తిరిగినందుకు ఇదొక్కటి చెప్పుకోదగ్గది. చెప్పడానికి పోతే ఖాలా, "సరే" అని, టీ తాగి పొమ్మంది.

మేనకోడలికి ఫోన్ చూపించాను. చదివి, పక్కన పెట్టింది. పాప బావ ఒళ్లో ఉంది. అటు చూస్తూ అడిగింది.

"నీకెందుకు రాలే మామా? మూడేండ్లు తాగినవంట."

"తెల్వదు బిడ్డా."

"మా అత్తమ్మ అయితే గ్రహచారం అంటది."

"గ్రహచారం కాదు."

"మరేంది?"

నా దగ్గర మాట ఉంది. సంభావ్యత. నాణెం ఎగరేసి పిల్లలకు చూపిస్తాను. ఎక్కువ కాలం తాగితే ఎక్కువ ప్రమాదం అన్నది వెయ్యి మంది మీద నిజం, ఒక ఇంట్లో ఆ నిజం ఎవరి పక్కన కూర్చుంటుందో చెప్పలేం. గ్రహచారం అన్నవాళ్లను ఎన్నోసార్లు ఎండగట్టాను. ఆ క్షణాన ఆ పిల్ల ముందు, వాళ్ల మాటకంటే నా మాట ఆమెకు ఎక్కువ ఏం ఇస్తుందో నాకు తోచలేదు.

"తెల్వదు" అన్నాను మళ్లీ. ఆమె తల ఊపింది. నేను ఆ మాట అనడం ఆ ఇంట్లో అందరికీ కొత్త.

పాలు పిండడం ఆపాక వారం రోజులు ఆమెకు జ్వరం వచ్చినట్టు ఉంది. రొమ్ములు రాళ్లయ్యాయి. నొప్పి తట్టుకోలేనప్పుడు కొద్దిగా పిండేది. గ్లాసులో పాలు రోజురోజుకూ తగ్గాయి. ఒకరోజు అడుగున రెండు చెంచాలే ఉన్నాయి. ఆ రోజు అక్క, "నేను పోస్త" అంది. వాకర్ పట్టుకుని మెట్టు దిగింది. నేను గ్లాసుతో వెనక నడిచాను. జామచెట్టు దాకా పది పన్నెండు అడుగులు, అక్కకు చాలాసేపు పట్టింది. గ్లాసు అందుకుని మొదట్లో పోసింది. మట్టి వెంటనే తాగేసింది.

"నా పాలతోనే పోయింది గదరా దానికి" అంది.

"నీకు తెలిసి చెయ్యలే గదా అక్కా."

"అవ్వకూ తెల్వదు."

"తెల్వదు."

వెనక్కి తిరిగేటప్పటికి బావ వంటింటి గోడ మీద పెన్సిలుతో ఏదో రాస్తున్నాడు. పాపకు ఏడాదిన్నర నిండే నెల. గోడకు తగిలించిన కంపెనీ క్యాలెండరులో ఆ నెల లేదు, ఆ ఏడాది క్యాలెండరు ఇంకా రాలేదు. అందుకని దాని పక్కనే సున్నం మీద రాశాడు. ఆ గోడ మీద ఎవరేం రాసినా నేను ఒకప్పుడు అడిగేవాణ్ణి, ఇదేం నమ్మకం అని. దగ్గరికి పోయి చూశాను. నెల సరిగ్గానే లెక్కపెట్టాడు.